ఎద్దు మీద పడిన నింద: ఒక పొదుగువాపు కేసు

"ఆ ఎద్దు వీర్యాన్ని ఇక మా ఊళ్లోకి రానివ్వము సార్. మీరు లెక్క కట్టి ఒక కాగితం రాసిస్తే చాలు."

పశువుల జన్యు లెక్కలు కట్టే నేను బెంగళూరు హెబ్బాళలో పని చేసుకునే గదికి వచ్చిన ఇద్దరు రైతులు కుర్చీలో కూర్చోకముందే అన్న మాట ఇది. దేవనహళ్లి దాటి విజయపుర వైపు వెళ్లే దారిలో వాళ్ల ఊరు. ఇంట్లో తెలుగు, డెయిరీ దగ్గర కన్నడం మాట్లాడే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ద్రాక్షతోట, మల్బరీ, వాటి పక్కన నాలుగైదు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. ఉదయం, సాయంత్రం డెయిరీలో పోసే పాలతోనే పిల్లల ఫీజులు కడతారు. అలాంటి ఇంట్లో ఒక ఆవు పొదుగు వాచిందంటే ఆ పూట పాలు పారబోయాలి. మందు వాడినన్ని రోజులూ, ఆపాక ఇంకొన్ని రోజులూ పోయకూడదు. ఒక చనుకట్టు పూర్తిగా ఎండిపోతే ఆవు ధర బాగా పడిపోతుంది. వాళ్ల కోపం నాకు అర్థమైంది.

నోటు పుస్తకాలు రెండు తెచ్చారు. పద్నాలుగు ఆవుల పేర్ల పక్కన ఎర్ర సిరాతో గీతలున్నాయి. పద్నాలుగూ ఒకే ఎద్దు కూతుళ్లు, వాటిలో ఎనిమిదింటికి పొదుగువాపు వచ్చింది. ముప్పై ఇళ్లలో ఉన్న మిగతా 120 ఆవులలో వచ్చింది ముప్పైకి, అంటే నాలుగింట ఒకదానికి. చూడగానే ఎవరైనా ఎద్దునే అనుమానిస్తారు. దాని నంబరూ, వీర్యం వచ్చిన కేంద్రమూ ఇక్కడ అనవసరం కాబట్టి 'క' అని పిలుస్తాను.

ఆ సాయంత్రం నేను చేసిన మొదటి పట్టికలో కూడా 'క' అన్నిటికంటే పైన నిలబడింది. ఆ పట్టికను వాళ్లకు పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రక్త పరీక్షతో తేలని జబ్బు

"రక్త పరీక్ష చేయిస్తే ఎద్దు సంగతి తేలిపోదా?" అని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని జబ్బులకు తేలిపోతుంది. హోల్‌స్టీన్ జాతిలో బ్లాడ్ (BLAD) అనే లోపం ఉంది. ఒక్క జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రాలేవు. దూడ చిన్న చిన్న ఇన్ఫెక్షన్లకే చనిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని దాచుకుని మోస్తుంటే నాలుగు దూడలలో సగటున ఒకదానికి జబ్బు వస్తుంది. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్‌బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఒక్క ఎద్దు దగ్గరికి ఈ లోపం మూలాలు చేరాయి. కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక ఎద్దు రక్తం ప్రపంచమంతా పాకగలదు కాబట్టి జబ్బూ అలాగే పాకింది. మన దేశంలో వీర్యం తయారు చేసే కేంద్రాలు ఎద్దులకు ఈ పరీక్ష చేయించాలన్న నియమం అందుకే వచ్చింది.

పొదుగువాపు అలాంటిది కాదు. దాని వెనుక ఒక్క జన్యువు లేదు, వందల జన్యువులు తలా ఒక చిన్న మోపు వేస్తాయి. పొదుగు ఎంత కిందికి వేలాడుతుంది, చనుకట్టు రంధ్రం ఎంత బిగుతుగా మూసుకుంటుంది, తెల్ల కణాలు ఎంత త్వరగా స్పందిస్తాయి, ఇవన్నీ కొంత రక్తంలో వస్తాయి. మిగతాదంతా కొట్టం నేల, పిండే చేయి, వాన, ఈతల సంఖ్య. ఈ రెండింటినీ విడదీయడానికి గణాంకాలు తప్ప దారి లేదు.

దీనికి వాడే పద్ధతిని పుస్తకాల్లో త్రెషోల్డ్ నమూనా అంటారు. రైతులకు నేను చెరువు అలుగుతో చెబుతాను. చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో దారిన పోయేవాడికి తెలియదు, అలుగు పారితేనే తెలుస్తుంది. ఆవులో కూడా జబ్బు వైపు ఒక మొగ్గు లోపల పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అది ఒక మట్టం దాటినప్పుడే పొదుగు వాస్తుంది. మనకు కనిపించేది వచ్చిందా రాలేదా అన్నదే, లెక్క కట్టవలసింది మాత్రం లోపలి నీటిమట్టాన్ని. జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1934లో గినీ పందుల వెనుక కాలికి మూడు వేళ్లకు బదులు నాలుగో వేలు ఎందుకు వస్తుందో వివరించడానికి ఈ ఊహ చేశాడు. 1965లో ఫాల్కనర్ దీన్ని మనుషుల జబ్బులకు అన్వయించాడు. 1983లో జియానోలా, ఫూలే ఎద్దుల విలువ కట్టడానికి అనువుగా మలిచారు.

లోపలి మొగ్గులో రక్తం వాటా, అంటే అనువంశికత, పదో వంతు అనుకుందాం. నాలుగింట ఒక ఆవుకు జబ్బు వచ్చే మందలో, వచ్చింది రాలేదు అన్న నమోదు మీద కొలిస్తే అది దాదాపు 5 శాతానికి దిగిపోతుంది. సమాచారంలో సగం అలుగు కిందే ఉండిపోతుంది. వివిధ దేశాల్లో పొదుగువాపుకు సాధారణంగా వచ్చే అనువంశికత కూడా 2 నుంచి 10 శాతం మధ్యనే. 134 ఆవులతో ఈ సంఖ్యను సొంతంగా అంచనా వేయడం కుదిరే పని కాదు. ఇంత చిన్న మందలో ప్రయత్నిస్తే సున్నా అయినా వస్తుంది, నమ్మలేనంత పెద్దదైనా వస్తుంది. అందుకే 5 శాతాన్ని బయటి నుంచి తెచ్చుకుని, మిగతా లెక్క అక్కడి ఆవుల మీద చేశాను.

చేత్తో చేసిన లెక్క

కంప్యూటర్ నమూనా వేసేముందు ప్రతి కేసులోనూ ఒకసారి కాగితం మీద లెక్క చేయడం నా అలవాటు. యంత్రం ఇచ్చే జవాబు ఎటు నుంచి వస్తోందో చేతికి తెలియాలి.

ఎద్దు గురించి దాని కూతుళ్లు ఎంత చెబుతాయో తేల్చే సూత్రం చిన్నది. 4లోంచి అనువంశికతను తీసేసి, వచ్చినదాన్ని అనువంశికతతో భాగించాలి. 5 శాతానికి అది 79 వస్తుంది. కూతుళ్ల సంఖ్యను, ఆ సంఖ్యకు 79 కలపగా వచ్చిన మొత్తంతో భాగిస్తే నమ్మకం ఎంతో తెలుస్తుంది. పద్నాలుగు కూతుళ్లుంటే 93లో 14, అంటే 15 శాతం. 'క' గురించి మనకు తెలిసింది ఆ కొంచెమే. మిగతా 85 శాతం తెలియనట్టే. నమ్మకం సగానికి చేరాలంటే 79 కూతుళ్లు కావాలి.

తరువాత కొట్టాలు. 'క' కూతుళ్లు ఊరంతా సమంగా పంచి లేవు. పద్నాలుగింటిలో తొమ్మిది రెండే రెండు ఇళ్లలో ఉన్నాయి. అన్నదమ్ములవి, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న కొట్టాలు. ఆ తొమ్మిదిలో ఏడింటికి జబ్బు వచ్చింది. అయితే అదే రెండు కొట్టాల్లో వేరే ఎద్దుల కూతుళ్లు పన్నెండు ఉన్నాయి, వాటిలో ఎనిమిదింటికి వచ్చింది! ఊరి మిగతా కొట్టాల్లో 'క' కూతుళ్లు అయిదు, జబ్బు పడింది ఒకటి. అక్కడ మిగతా ఆవులలో అయిదింట ఒకదానికి వచ్చింది.

అంటే ఆ రెండు కొట్టాల్లో ఏ ఎద్దు కూతురైనా మూడింట రెండుకు జబ్బు వస్తుందని పెట్టుకుంటే, తొమ్మిదికి ఆరు రావాలి. బయట అయిదుకు ఒకటి రావాలి. మొత్తం ఏడు రావలసిన చోట ఎనిమిది వచ్చాయి. ఎద్దు మీద వేయదగిన నింద ఒక్క ఆవు. దాన్ని వందకు మారిస్తే ఏడు, ఏడులో 15 శాతం తీసుకుంటే సుమారు ఒకటి. నూరుగురు కూతుళ్లలో ఒకదానికి అదనంగా జబ్బు రావచ్చు. అది కూడా అటూ ఇటూ నాలుగున్నర తేడాతో. ఈ సాక్ష్యంతో 'క'ను చెడ్డ ఎద్దు అనలేము, మంచిదని కూడా అనలేము.

ఇది వినగానే ఇద్దరిలో పెద్దాయన అన్నారు: "అయితే రక్తానికి లెక్క లేదంటారా?"

లేదని నేను అనను. అయిదు శాతం అనగానే అందరూ చేతులు దులుపుకుంటారు, ఆ పొరపాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. పైన చెప్పిన అంకెలతోనే చూద్దాం. సగటు ఎద్దు కూతుళ్లలో నూటికి 25 ఆవులకు జబ్బు వస్తే, కొంచెం మంచి ఎద్దు కూతుళ్లలో 20కి, కొంచెం చెడ్డ ఎద్దు కూతుళ్లలో 30కి వస్తుంది. రెండు కొసలకు వెళితే 16, 36. ఒక్క ఆవును చూస్తే ఈ తేడా కనిపించదు. ఒక ఎద్దుకు వేల కూతుళ్లు పుట్టే ఈ రోజుల్లో అది ఎన్ని పొదుగులవుతుందో ఆలోచించండి. పైగా పాల దిగుబడికీ పొదుగువాపుకూ రక్తంలో ఉన్న సంబంధం మనకు ప్రతికూలమైనది. పాలు మాత్రమే చూసి ఎద్దులను ఎంచుకుంటూ పోతే జబ్బు వైపు మొగ్గు కూడా తరతరానికీ కొంత పెరుగుతుంది. నార్వే 1975లోనే దేశమంతటా ఆవుల ఆరోగ్య నమోదు మొదలుపెట్టి, 1978 నుంచి ఎద్దుల ఎంపికలో పొదుగువాపును చేర్చింది. అక్కడ ఒక్కో ఎద్దుకు 200కు పైగా కూతుళ్ల వివరాలు ఉంటాయి కాబట్టే చిన్న అనువంశికత కూడా పనికొచ్చింది.

కొట్టంలో ఒక సాయంత్రం

లెక్క ఆ రెండు కొట్టాల వైపు చూపించింది కాబట్టి వెళ్లి చూడాలి. సాయంత్రం పాలు పిండే వేళకు చేరాను. నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, ఊదా రంగు ద్రావణం తీసుకెళ్లాను. 1957 నుంచి వాడుకలో ఉన్న కాలిఫోర్నియా పరీక్ష ఇది. ఒక్కో చనుకట్టు నుంచి ఒక్కో గుంటలో కొంచెం పాలు, అంతే ద్రావణం పోసి గుండ్రంగా తిప్పాలి. మొదటి ఆవుకు మూడు గుంటల్లో పాలు పలుచగా జారుతూనే ఉన్నాయి. ఎడమ వెనుక గుంటలో మాత్రం గంజి చల్లారినట్టు చిక్కబడి, పళ్లెం వంచితే ముద్దగా కదిలింది. పొదుగు మీద వాపు లేదు, పాలలో గడ్డలు లేవు, ఆవు మేత మానలేదు. ఇంటివాళ్ల పుస్తకంలో ఈ ఆవు పేరు పక్కన ఏమీ లేదు.

ఆ ఇంటి పెద్దావిడ పాలు పిండుతున్నారు. బకెట్ అంచున ఒకే తుండు గుడ్డ వేలాడుతోంది. ఒక ఆవు పొదుగు తుడిచి, నీళ్లలో జాడించి, అదే గుడ్డతో రెండో ఆవు పొదుగు తుడిచారు. కింద నేల కాలువ వైపు కాకుండా ఆవుల వెనుక కాళ్ల వైపు వాలి ఉంది. మూత్రమూ నీళ్లూ అక్కడే నిలిచాయి. మేత అంతా పిండకముందే పెట్టేయడంతో, పిండిన అయిదు నిమిషాలకే ఆవులు ఆ తడిలో పడుకుంటున్నాయి. పాలు తీశాక చనుకట్టు రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంట ఆవు నిలబడాలంటే ముందు పచ్చిగడ్డి ఉండాలి. పక్క కొట్టంలోనూ ఇదే నేల, ఇదే పద్ధతి. ఇద్దరు తోడికోడళ్లు ఒకరికొకరు సాయంగా పిండుకుంటారు కాబట్టి గుడ్డ కూడా అదే.

"అమ్మా, ఈ కొట్టంలో ఆవులు ఇవేనా?" అని అడిగాను.

"ఇప్పుడివే సార్. పోయినేడు ఒకటి అమ్మేశాము. దాని పొదుగు రాయిలా అయిపోయింది. సంతకు తోలేటప్పుడు పుస్తకంలో పేరు ఎందుకని కొట్టేశాము."

నేను పళ్లెం కింద పెట్టేశాను. ఈ కేసు మొత్తం తిరిగింది ఆవిడ చెప్పిన ఆ మాట దగ్గరే.

అమ్మేసిన ఆవులు

నా పట్టికలో 'గ' అని పిలిచిన ఎద్దు ఒకటుంది. పదకొండు కూతుళ్లు, ఒక్కదానికే జబ్బు. ఆ ఇద్దరు రైతులు ఇకపై 'క' బదులు 'గ' వీర్యమే తెప్పించాలని అనుకుంటూ వచ్చారు. పుస్తకం ఏటా కొత్తగా రాస్తారనీ, ఉన్న ఆవుల పేర్లే ఎక్కిస్తారనీ తెలిశాక, ఆ పదకొండు ఎక్కడి నుంచి వచ్చాయని వెతకడం మొదలుపెట్టాను.

నాలుగు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగాము. డెయిరీ లెక్కలు ఇంటి పేరు మీద ఉంటాయి, ఆవు పేరు మీద ఉండవు. వాటితో పని జరగలేదు. కృత్రిమ గర్భధారణ కార్డులు కొన్ని ఇళ్లలో దొరికాయి, కొన్నింటిలో ఎద్దు నంబరు రాసే గడి ఖాళీగా ఉంది. ఒక ఇంట్లో మాత్రం కాలేజీ చదివే అబ్బాయి ఒక గాజు సీసా తెచ్చి నా ముందు కుమ్మరించాడు. నిండా వాడేసిన వీర్యపు స్ట్రాలు. అగ్గిపుల్ల కంటే సన్నని పావు మిల్లీలీటరు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కో దాని మీద ఎద్దు నంబరు అచ్చు. ప్రతి దానికీ ఒక దారం, దారానికి ఆవు పేరు రాసిన చిన్న అట్టముక్క. "పారేయబుద్ధి కాలేదు సార్" అన్నాడు. ఆ ఊళ్లో నేను చూసిన అన్ని కాగితాల కంటే నమ్మదగిన వంశావళి ఆ సీసానే. తండ్రి పేరు తప్పుగా పడితే మంచి ఎద్దులూ చెడ్డ ఎద్దులూ కలగలిసిపోయి అన్నీ సగటుగా కనిపిస్తాయి. ఆ సీసా చూసి ఇంకో ఇంటి కార్డుల్లో రెండు తప్పులు దిద్దగలిగాము, రెండిళ్లకూ వీర్యం వేయడానికి ఒకే రోజు ఒకే మనిషి వచ్చాడు కాబట్టి.

గత రెండేళ్లలో అమ్మేసిన ఆవులు ఇరవై ఆరు తేలాయి. 'క' కూతురు ఒకటి, దాన్ని అమ్మింది చూలు నిలవక. 'గ' కూతుళ్లు నాలుగు, వాటిలో మూడింటిని అమ్మింది పొదుగు పాడై. పదకొండింటిలో ఒకటిగా ఉన్న 'గ' లెక్క ఇప్పుడు పదిహేనింటిలో నాలుగు అయింది. ఊరి సగటుకు దాదాపు సమానం. అందరూ మెచ్చుకున్న ఆ శుభ్రత సంతకు వెళ్లిన మూడు ఆవుల వల్ల వచ్చింది.

జబ్బు పడిన ఆవే ముందుగా మందలోంచి పోతుంది. మిగిలినవాటిని లెక్కపెట్టి ఎద్దును మెచ్చుకుంటే, ఆ మెప్పు అమ్మకానిది అవుతుంది. జన్యువుల మీద పని చేసేవాళ్లు నమూనాలో ఎన్ని సంక్లిష్టమైన పదాలు పెట్టినా, లేని ఆవును నమూనా తనంతట తాను కనిపెట్టలేదు. 2024లో మన దేశంలో గౌ చిప్ విడుదలైనప్పుడు చాలామంది నన్ను ఇక పుస్తకాలతో పనేమిటని అడిగారు. చిప్పు జన్యువులను చదువుతుంది. ఏ జన్యువుకు ఏ జబ్బు అన్నది మాత్రం కొట్టంలో రాసిన పుస్తకమే చెప్పాలి.

చివరి నమూనా

ఇరవై ఆరింటినీ కలిపి 160 ఆవులతో నమూనా వేశాను. ఆవు లోపలి మొగ్గును కొట్టం, ఈత సంఖ్య, ఈనిన కాలం, తండ్రి, ఇవి కలిసి నిర్ణయిస్తాయని పెట్టాను. ఎద్దుల మధ్య ఉన్న బంధుత్వాన్ని కూడా చేర్చాను.

ఈ పని చేసేవాళ్ల కోసం ఒక ఇబ్బంది చెప్పాలి. ఆరు ఇళ్లలో ఒక్క ఆవుకూ జబ్బు రాలేదు. కొట్టాన్ని స్థిర ప్రభావంగా, అంటే ఒక్కో ఇంటికి దాని సొంత అంకెను పూర్తిగా వదిలేసి పెడితే అలాంటి ఇంటి అంచనా ఋణ అనంతం వైపు పరిగెత్తుతుంది, లెక్క ఎక్కడా ఆగదు. యాదృచ్ఛిక ప్రభావంగా, అంటే ప్రతి ఇంటి అంకెనూ సగటు వైపు కొంత లాగేలా పెడితే ఆగుతుంది. కానీ 'క' కూతుళ్లు రెండు చెడ్డ కొట్టాల్లోనే గుమిగూడాయి కదా, అప్పుడు కొట్టం తప్పులో కొంత జారి ఎద్దు ఖాతాలో పడుతుంది. నేను యాదృచ్ఛికంగా పెట్టి, ఆ రెండు కొట్టాలకు మాత్రం విడిగా ఒక స్థిర పదం ఇచ్చాను. అందరూ ఒప్పుకునే పరిష్కారమని అనను. రెండు రకాలుగా చేసి చూస్తే ఎద్దుల వరుస మారలేదు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది. అమ్మేసిన ఆవుల విషయంలో ఇంటివాళ్ల జ్ఞాపకం తప్పయి ఉండవచ్చు కనుక, మూడింటిలో ఒకటి తప్పని అనుకుని కూడా లెక్క తిరగేశాను.

తొమ్మిది ఎద్దులూ సగటుకు అటూ ఇటూ దగ్గరగానే నిలిచాయి. 'క', 'గ' పక్కపక్కనే వచ్చాయి. ఒకదాని నుంచి ఇంకొకదాన్ని వేరు చేసే సాక్ష్యం ఆ ఊరి దగ్గర లేదు. కొట్టం ప్రభావం మాత్రం ఏ విధంగా చేసినా చెదరలేదు.

నేను రాసిచ్చిన కాగితం వాళ్లు అడిగినది కాదు. 'క'ను ఆపమని గానీ, 'గ'ను తెమ్మని గానీ అందులో లేదు. ప్రతి ఇంట్లో ఏడాదికి కనీసం రెండు మూడు ఎద్దుల వీర్యం వాడమన్నాను. ఒకే కొట్టంలో వేర్వేరు తండ్రుల కూతుళ్లు ఉంటేనే పోల్చడానికి వీలుంటుంది. నెలకోసారి ప్రతి ఆవుకూ పళ్లెం పరీక్ష చేసి, ఏ చనుకట్టుకు ఎంత చిక్కబడిందో రాయమన్నాను. వీలైనప్పుడు పాలలోని కణాల సంఖ్య లెక్కించే పరీక్షకు కూడా పంపమన్నాను, మిల్లీలీటరుకు రెండు లక్షలు దాటితే అనుమానించాలి. ఆ కణాల సంఖ్యకు అనువంశికత సుమారు 10 నుంచి 15 శాతం. 15 శాతం అయితే ఇందాకటి 79 స్థానంలో 26 వస్తుంది. ఇరవై ఆరు కూతుళ్లతోనే సగం నమ్మకానికి చేరవచ్చు. ఇలాంటి చిన్న ఊళ్లకు ఆ తేడా చాలా పెద్దది. నేల వాలు, ఆవుకో గుడ్డ, పిండాక చనుకట్లను మందు ద్రావణంలో ముంచడం, పిండాకే మేత పెట్టడం, ఇవి ఆ రెండు ఇళ్లకు నోటితోనే చెప్పాను.

పెద్దాయనకు మొదట నచ్చలేదు. "ఎద్దును తప్పు పట్టినంత తేలికగా తమ్ముడి కొట్టాన్ని తప్పు పట్టలేము కదా సార్" అన్నారు. నిజమే, దానికి నా దగ్గర లెక్క లేదు. ఆయనే ఒక వారం తరువాత ఫోను చేసి, మేస్త్రీని పిలిపించి రెండు కొట్టాల నేలా ఒకేసారి సరి చేయిస్తున్నామని చెప్పారు.

వానలు తగ్గాక మళ్లీ వెళ్లాను. ఎడమ వెనుక చనుకట్టు పాలు ముద్దకట్టిన ఆ ఆవు పళ్లెంలో పాలు ఇంకా కొంచెం చిక్కబడుతూనే ఉన్నాయి, ముందంత కాదు. గోడకు వరసగా మేకులు కొట్టి, ఒక్కో మేకుకు ఒక్కో గుడ్డ వేలాడదీశారు. కొత్త పుస్తకం సీసా అబ్బాయి చేతిలో ఉంది. అందులో ఆవు పేరు, తండ్రి నంబరు, ఈనిన తేదీ, నెలనెలా నాలుగు చనుకట్ల గడులు. చివరన నేను చెప్పని గడి ఒకటి వాడే గీసుకున్నాడు: 'ఎందుకు అమ్మాము'. ఆ గడిలో అప్పటికి ఒకటే పేరు రాసి ఉంది, దాని మీద కొట్టివేత లేదు.